కిడ్నీ బాగానే ఉంది

మా ఊళ్ళో ఎవరికైనా కాళ్ళు వాస్తే చూసినవాళ్ళందరి మనసులో ఒకటే మాట మెదులుతుంది. పైకి మాత్రం అనరు. "రగతం సూపించుకున్నావేటి?" అని అడిగి ఊరుకుంటారు. ఉద్దానంలో పుట్టినవాళ్ళకు ఆ ప్రశ్నకు అర్థం చెప్పక్కర్లేదు. పలాస నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో, జీడితోటల మధ్యా కొబ్బరితోటల మధ్యా ఉన్న ఊళ్ళలో ఏ వీధిలోకి వెళ్ళినా కిడ్నీ జబ్బుతో మనిషి పోయిన ఇల్లు ఉంటుంది. మా నాన్న అలాగే పోయారు. ఆయన తర్వాత మేనత్త. ఎందుకు వస్తుందో తేల్చి చెప్పినవాళ్ళు లేరు. నీళ్ళన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందులన్నారు, ఒళ్ళునొప్పుల మాత్రలన్నారు. కారణం తెలియని జబ్బు మధ్య బతికే మనుషులు దొరికిన కారణాన్నల్లా పట్టుకుంటారు. మా అన్నయ్య ఒక్కడే అలా పట్టుకునేవాడు కాదు.

అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. టెక్కలిలో డిగ్రీ చదువుతుండగా నాన్నకు డయాలసిస్ మొదలైంది. ఆయన్ని తీసుకెళ్ళి తీసుకురావడానికి మనిషి కావాలి కనుక చదువు ఆపేసి తోటలు చూసుకోవడానికి వచ్చేశాడు. ఆ ఆసుపత్రి వరండాల్లో కూర్చుని కూర్చుని అతనికొక అలవాటు వచ్చింది. ఎవరేం చెప్పినా, "నీకెలాగ తెలిసింది?" అని అడిగేవాడు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. బోరు నీళ్ళలో విషం ఉందని ఎవరైనా అంటే, ఏ బోరు, ఎవరు పరీక్ష చేశారు, ఆ బోరు నీళ్ళు తాగి బాగున్నవాళ్ళెవరు అని ఒక్కొక్కటే అడిగేవాడు. ముసలివాళ్ళకు విసుగొచ్చేది. వీడితో మాట్లాడ్డం కన్నా ప్లీడరుతో మాట్లాడ్డం సుఖం అనేవారు.

నాన్న పోయిన కొన్నేళ్ళకు చిన్నాన్నకు కూడా జబ్బు బయటపడింది. తొలిదశలోనే దొరికింది. మాత్రలు వేసుకుంటూ, ఉప్పు తగ్గించుకుని జాగ్రత్తగా ఉంటే చాలా కాలం నెట్టుకురావచ్చని డాక్టర్లు చెప్పారు. సరిగ్గా అదే సమయంలో ఇచ్ఛాపురం అవతల నుంచి ఒక వైద్యుడు వారం వారం పక్క ఊరికి రావడం మొదలుపెట్టాడు. సగం ఒడియా, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. నల్లటి పొడి పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. అది వాడినంత కాలం ఆసుపత్రి మాత్రలు ముట్టుకోకూడదనేవాడు. ఆ పొడితో బాగయిపోయినవాళ్ళు ఫలానా ఊళ్ళో ఉన్నారు, ఫలానా వీధిలో ఉన్నారు అని అందరూ చెప్పుకునేవారు. వాళ్ళు ఉత్త మాటల్లోని మనుషులు కారు, నిజంగా ఉన్నారు. వాళ్ళను చూసొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. చిన్నాన్న తనూ వెళతానన్నాడు.

అన్నయ్య వద్దనలేదు. కొన్నాళ్ళు ఆగమన్నాడు. బాగయినవాళ్ళను ముందు తను చూసి వస్తానన్నాడు. తోట పని లేని రోజుల్లో మోటారుసైకిలు వేసుకుని ఒక్కొక్క ఊరే తిరిగాడు. వాళ్ళ వరండాల్లో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, అందర్నీ ఒకటే అడిగాడు. పొడి మొదలెట్టక ముందు రక్తపరీక్ష చేయించుకున్నారా? ఎక్కువమంది చేయించుకోలేదు. నడుం నొప్పి వచ్చింది, మూత్రం మంటగా వచ్చింది, భయపడి పొడి తిన్నారు. తర్వాత పరీక్ష చేయిస్తే అంతా బాగుంది. బాగయిపోయామని నమ్మారు. అసలైన రోగులు, మాత్రలు మానేసి పొడి తిన్నవాళ్ళు, వేరే ఉన్నారు. వాళ్ళ గురించి ఇంట్లో మిగిలినవాళ్ళను అడగాల్సి వచ్చింది.

తిరిగొచ్చి చిన్నాన్న పక్కన కూర్చున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బాగయినోళ్ళకి ముందునుంచీ జబ్బే లేదు సిన్నాన్నా. జబ్బున్నోళ్ళు బాగవలేదు. ఆళ్ళు మనకి కనపడరు. పోయినోళ్ళొచ్చి మందు పన్సెయ్యలేదని సెప్పరు కదా."

చిన్నాన్న మాత్రల డబ్బా ఎక్కడుందని పిన్నిని అడిగాడు.

ఆ మాట ఊళ్ళో పాకింది. పొడి కోసం వెళ్ళేవాళ్ళు పూర్తిగా ఆగిపోలేదు కానీ తగ్గారు. ఎవరింట్లో ఒంట్లో బాగోకపోయినా ముందు అన్నయ్యకు కబురు వచ్చేది. తనే వెంటబెట్టుకుని పలాస తీసుకెళ్ళి రక్తం ఇప్పించి, ఫలితం తెచ్చి చదివి చెప్పేవాడు. బాగుంటే ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి, "కిడ్నీ బాగానే ఉంది" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఇంట్లో అందరూ పనులు మానుకుని ఎదురుచూసేవారు. ఆ మాట విన్న ఆడవాళ్ళు కొందరు అక్కడే కూర్చుని ఏడ్చేవారు. ఊళ్ళో అంతటి మంచి మాట చెప్పగల మనిషి మరొకడు లేడు. అతనికి ఆ గౌరవం ఇష్టమని నాకు తెలుసు. తప్పేం లేదు, ఎవరికి ఇష్టముండదు?

మా వదిన మాకు పరాయిది కాదు. మేనమామ కూతురు, మందస దగ్గర ఊరు. అన్నయ్యను చిన్నప్పటి నుంచి బావా అనే పిలిచేది, పెళ్ళయ్యాకా అదే పిలుపు. పిల్లలు కలగలేదు. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయాయి. రెండోసారి ఆయాసంతో మంచం దిగలేకపోయింది. అప్పుడు అందరూ ఆమె ఒంటి తత్వం అంతే అనుకున్నారు. ఇంటి నుంచి తోటకు వెళ్ళే దారంతా ఇసుక. ఆ ఇసుకలో అందరికంటే ముందు నడిచేది వదిన. నెత్తిన గంప ఉన్నా సరే, వెనక్కి తిరిగి మమ్మల్ని ఆటపట్టిస్తూ నడిచేది. నేను టెక్కలిలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరి అక్కడే కాపురం పెట్టాక కూడా జీడిపిక్కలు ఏరే కాలంలో ఆదివారాలు ఊరికి వచ్చేదాన్ని. అలా వచ్చిన ఒక ఆదివారం వదిన మాకంటే వెనకబడిపోయింది. రెండుచోట్ల ఆగి, చెట్టు మొదలు పట్టుకుని నిలబడింది. ఇసుక మెత్తగా ఉందంది.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి కాళ్ళు వాచాయి. సాయంత్రానికి మడమల దగ్గర వేలితో నొక్కితే గుంట పడేది. వదిన చాలా రోజులు చీర కుచ్చిళ్ళు కిందికి దింపి కట్టుకుని ఎవరికీ కనపడనివ్వలేదు. అన్నయ్య చూసిన రోజున అతని ముఖంలో రక్తం లేదు. నాన్న కాళ్ళు అతనికి గుర్తే కదా. మర్నాడే పలాస తీసుకెళ్ళాడు. నాకు ఫోన్ చేసి చెప్పాడు. నేను కాలేజీ నుంచి సెలవు పెట్టి వచ్చేశాను.

ఫలితం బాగా వచ్చింది. కిడ్నీలు ఏ దోషమూ లేకుండా ఉన్నాయి. అన్నయ్య కాశీబుగ్గలో కాజాలు కొని తెచ్చాడు. వీధి మొదట్లో ఉండగానే చేత్తో సైగ చేశాడు, అమ్మకు అర్థమై చేతులు జోడించింది. ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో చెప్పిన మాట తన గుమ్మంలో చెప్పుకున్నాడు. అమ్మ చుట్టుపక్కల ఇళ్ళకు కాజాలు పంచింది. చిన్నాన్న వచ్చి అన్నయ్య భుజం తట్టి వెళ్ళాడు. పండగలా ఉంది ఇల్లు.

వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే తన కాళ్ళ వంక చూసుకుని అడిగింది.

"మరి కాళ్ళెందుకు వాత్తన్నాయి బావా?"

రక్తం తక్కువ ఉందని అన్నయ్య చెప్పాడు. అది అబద్ధం కాదు, పరీక్షలో అది కూడా ఉంది. ఐరన్ మాత్రలు తెచ్చాడు. మునగాకు, బెల్లం తినమన్నాడు. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది. మా అందరి భయం ఒక్క జబ్బు మీదే ఉండేది. అది లేదని తేలాక ఇక భయపడటానికి ఇంకేమీ మిగలలేదనుకున్నాం.

తర్వాతి నెలల్లో ఒక్కొక్కటే వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రక్తం తక్కువ కదా అన్నాడు అన్నయ్య. పొడి దగ్గు వచ్చింది. జీడిపిక్కల బట్టీ పొగ పడలేదన్నాడు, మా వీధి చివర పిక్కలు కాల్చే బట్టీ ఉండేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. గ్యాసని మాత్ర ఇచ్చాడు. గుండె దడగా ఉందంది. లేనిపోని భయం పెట్టుకున్నావన్నాడు. ఏ జవాబుకా జవాబు విడిగా చూస్తే సబబుగానే ఉండేది. మా ఊళ్ళో ఆ మాటలు ఎవరన్నా ఎవరూ కాదనేవారు కారు. అన్నీ ఒక చోట పెట్టి చూసినవాళ్ళు లేరు. అలా చూడగలిగిన మనిషి మా ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, అతనే ఒక్కో జవాబూ చెబుతున్నాడు.

నిర్లక్ష్యం అనుకోవడానికి లేదు. వదినంటే అతనికి ప్రాణం. వాపు ఎక్కువైన ప్రతిసారీ పలాస తీసుకెళ్ళాడు. వెళ్ళి, అదే పరీక్ష మళ్ళీ చేయించాడు. మళ్ళీ అదే జవాబు వచ్చింది. ప్రతిసారీ గుండెల మీంచి బరువు దిగినట్టు ఇంటికి వచ్చేవాడు. పొడి తిని బాగయ్యామన్నవాళ్ళను ఊరూరా తిరిగి పట్టుకున్న మనిషి, తన భార్య విషయంలో ఆ ఒక్క జవాబు దగ్గరే ఆగిపోయాడు. అది అతను కోరుకున్న జవాబు. కోరుకున్న జవాబును ఎలా తెలిసిందని ఎవరు అడుగుతారు?

ఒక ఆదివారం పెరట్లో వదినా నేనూ చింతపండు గింజలు తీస్తున్నాం. పలాసలో ఇంకెవరైనా డాక్టరుకు చూపించుకుంటే బాగుంటుందేమో, అన్నయ్యతో చెప్పనా అని అడిగాను. తను అప్పటికే చెప్పానంది. ఎన్ని పరీక్షలు చేయించాలే నీకు, అన్నీ బాగానే ఉన్నాయి కదా అని కసిరాడట. తర్వాత బాధపడి తలకు నూనె రాశాడట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత చేతిలో చింతపండు అలాగే పట్టుకుని అంది:

"నా ఒంట్లో ఏదో ఉన్నాది అమ్మీ. కిడ్నీ కాదని తెలిసినాది. మరేటో తెలవలేదు. కిడ్నీ కాదంటే ఏటీ లేనట్టేనంటాడు మీ అన్న."

నేనా మాట అన్నయ్యకు చేరవేశాను. నీరసం వల్ల దిగులు పట్టుకుందన్నాడు. వీలైతే కొన్నాళ్ళు టెక్కలి తీసుకెళ్ళి ఉంచుకోమన్నాడు. తీసుకెళ్ళాలనే అనుకున్నాను. పరీక్షల కాలం, పేపర్లు దిద్దే పని, అలా వాయిదా పడింది.

ఎండాకాలం మొదట్లో, జీడిపిక్కలు రాలే రోజుల్లో, తోటలోనే పడిపోయింది. పక్క తోటవాళ్ళు చూసేసరికి చెట్టుకు ఆనుకుని కూర్చుని దగ్గుతోంది. నోటి వెంట ఎర్రటి నురగ వస్తోందట. ఆటోలో పలాస తీసుకెళ్ళారు. నేను టెక్కలి నుంచి బస్సెక్కి హైవే మీద నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. ముఖానికి ఆక్సిజన్ పెట్టి ఉంది. ఒక కుర్ర డాక్టరమ్మ వదిన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. చోటు మార్చి మళ్ళీ విన్నది. తర్వాత పక్కనున్న వదిన తల్లిని, మా అత్తను, పిలిచి చిన్నప్పుడు ఈమెకు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగింది.

వచ్చిందంది అత్త. పెద్దమనిషి కాకముందు ఒక చలికాలం అంతా వచ్చిందట. ఒకసారి మోకాళ్ళు, ఒకసారి మోచేతులు. నడవలేకపోతే ఎత్తుకుని తిప్పారట. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోస్తే తగ్గిందట. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ సంగతి ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ చెప్పలేదంది.

అన్నయ్య అక్కడే నిలబడి విన్నాడు.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. గుండెకు స్కానింగ్ చేశారు. చిన్నప్పటి ఆ జ్వరమే గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసిందనీ, ఏళ్ళ తరబడి అది బిగుసుకుపోతూ వచ్చిందనీ పెద్ద డాక్టరు చెప్పాడు. రక్తం ముందుకు పోలేక వెనక్కి తన్నుతోంది. ఆయాసం, దగ్గు, వాపు, దడ అన్నీ దానివే. రెండు గర్భాలు నిలవకపోవడం కూడా దాని వల్లే కావచ్చన్నాడు. ముందే వచ్చి ఉంటే చిన్న పద్ధతిలో ఆ బిగువు సడలించేవాళ్ళం, ఇప్పుడు ఆపరేషను చేసి కవాటం మార్చాలి, గుండె బాగా అలిసిపోయి ఉంది కనుక మందులతో కొంచెం కోలుకున్నాక చేద్దాం అన్నాడు.

అంతా విన్నాక అన్నయ్య అడిగిన మాట నాకింకా చెవుల్లో ఉంది. "కిడ్నీ పరీక్షలన్నీ బాగానే వచ్చాయి కదండీ?"

డాక్టరు కాగితాల్లోంచి తలెత్తి, "అవును, కిడ్నీలు బాగానే ఉన్నాయి" అన్నాడు.

అన్నయ్య బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను నీళ్ళ సీసా ఇస్తే తీసుకుని తాగకుండా పట్టుకున్నాడు. ఏడవలేదు. పరీక్ష తప్పు కాదే, అన్నాడు నాతో. పరీక్ష అడిగినదానికి జవాబు చెప్పింది, నేనడిగింది ఒక్కటే, అన్నాడు.

మందులతో వదినకు కొంచెం నయమైంది. ఇంటికి తీసుకొచ్చాం. వాపు తీసింది. రాత్రిళ్ళు పడుకోగలిగేది. అమ్మ దిష్టి తీసింది. అన్నయ్య ఆమెను మంచం దిగనిచ్చేవాడు కాదు, వంట కూడా తనే చేసేవాడు. ఉప్పు లేని కూరలు ఇద్దరూ తినేవారు. అతన్ని ఆ రోజుల్లో చూస్తే భయం వేసేది. ప్రతి మాత్ర గురించీ ఎందుకు, దేనికి అని డాక్టర్లకు ఫోన్లు చేసేవాడు. అడగాల్సినవన్నీ అప్పుడు అడిగాడు.

ఒక ఆదివారం నేను వెళ్ళినప్పుడు సాయంత్రం ముగ్గురం బయట కూర్చున్నాం. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది. అన్నయ్య ఉన్నట్టుండి వదినతో అన్నాడు, నన్ను తిట్టు ఒకసారి, నాకు తేలిగ్గా ఉంటుంది అని. వదిన తిట్టలేదు.

"ఊరందర్నీ కూకోబెట్టి అడిగినావు బావా, నీకెలాగ తెలిసిందని. నన్ను ఏటవుతన్నాదే అని ఒక్కసారి అడగలేదు. అడిగుంటే మోకాళ్ళ సంగతి నాకే గేపకం ఒచ్చుండును."

కోపంతో అన్న మాట కాదది. అతనడిగాడు కనుక చెప్పింది. అన్నయ్య తల ఊపాడు. వదిన అతని మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

ఆపరేషనుకు రమ్మన్న రోజు ఇంకా రాకముందే వదినకు జ్వరం వచ్చింది. ముందు మామూలు జ్వరమే అనిపించింది. ఈసారి అన్నయ్య ఏ కారణమూ చెప్పుకోలేదు, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్ళాడు. చేయగలిగినదంతా చేశారు. అప్పటికే అలిసిపోయిన గుండె ఆ జ్వరాన్ని తట్టుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం, అన్నయ్య మందులు తేవడానికి కిందికి వెళ్ళిన సమయంలో పోయింది. నేను పక్కనే ఉన్నాను. అతను మెట్లెక్కి వస్తుంటే ఎదురెళ్ళి చెప్పాల్సి వచ్చింది.

ఊళ్ళో అందరూ వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, "ఈ ఇంటిని కూడా కిడ్నీ ఒదల్లేదు" అన్నారు. అన్నయ్య మొదటి రోజు, రెండో రోజు ఒక్కొక్కరికీ చెప్పాడు. కిడ్నీ కాదు, గుండె. విన్నారు, అయ్యో అన్నారు. పెద్దకర్మ నాటికి మళ్ళీ కిడ్నీ అనే అన్నారు. కాళ్ళు వాచి మనిషి పోతే మా వైపు ఇంకో కథ నిలవదు. కొన్నాళ్ళకు అన్నయ్య చెప్పడం మానేశాడు.

కానీ ఒక మాట మాత్రం దాచుకోలేకపోయాడు. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర పదిమంది ఉండగా చెప్పాడట, పరీక్ష బాగుందంటే ఒళ్ళు బాగుందని కాదు, నేను అలా అనుకుని తప్పు చేశాను, మీరు చేయకండి అని. ఆ మాట అనడానికి అతనెంత కూడదీసుకుని ఉంటాడో నాకు తెలుసు. విన్నవాళ్ళు వేరేగా అర్థం చేసుకున్నారు. రక్తపరీక్షలు నమ్మడానికి లేదని అతనే ఒప్పుకున్నాడన్నారు. ఇన్నాళ్ళు మనల్ని పలాస తిప్పాడు, ఆఖరికి తన పెళ్ళానికే పనిచెయ్యలేదన్నారు. పొడి వైద్యుడు వచ్చే ఊరికి మళ్ళీ ఆటోలు కదిలాయి.

అలా వెళ్ళినవాళ్ళలో చిన్నాన్న ఉన్నాడు.

అన్నయ్య వెళ్ళి బతిమాలాడు. నేను కూడా టెక్కలి నుంచి వచ్చి చెప్పాను. చిన్నాన్న మంచివాడు, అన్నయ్య మీద కోపం కూడా లేదు. మాత్రలతో ఇన్నేళ్ళు నిలబడ్డావు కదా అని నేనంటే, పొడి తిని ఉంటే ఈపాటికి జబ్బు పూర్తిగా పోయేదేమో అన్నాడు. అన్నయ్య వైపు చూసి, ఎంతో మెత్తగా అన్నాడు:

"నువ్వు తప్పు సేసినానని నువ్వే అన్నావు కదా నాయినా. అప్పుడు నాకు సెప్పింది మాత్రం తప్పు కాదని నీకెలాగ తెలుసు?"

అన్నయ్య దగ్గర జవాబు ఉంది. ఎలా తెలుసో అతను వివరంగా చెప్పగలడు. మొదలుపెట్టాడు కూడా. కానీ వినేవాళ్ళకు జవాబు కన్నా చెప్పే మనిషి ముఖ్యం. ఆ ముఖంలో మునుపటి ధీమా లేదు. పొడి ఇచ్చే ఆయన ముఖంలో అది ఎప్పుడూ తగ్గలేదు. వానాకాలం దాటేసరికి చిన్నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్ళాల్సి వచ్చింది. అన్నయ్యే తిప్పాడు, నాన్నను తిప్పినట్టే. ఆయన ఎక్కువ కాలం ఉండలేదు.

ఈమధ్య మా కాలేజీలో పిల్లలకు విమర్శనాత్మక ఆలోచన గురించి చెప్పాలన్నారు. ఎవరో తయారుచేసిన పాఠం ఇచ్చారు. అంటే ఏమిటని నేను తరగతిలో అడిగితే, ఎవరేం చెప్పినా గుడ్డిగా నమ్మకపోవడం అని ముందు వరుసలో అమ్మాయి చెప్పింది. పాఠంలోనూ అదే ఉంది. సరైనదే అన్నాను. ఆ విషయంలో మా అన్నయ్యను మించినవాణ్ణి నేను చూడలేదు. ఇతరుల జవాబుల్లో చిల్లులు వెతకడం అతనికి బాగా వచ్చు. తన జవాబు నచ్చినప్పుడు, అది భయాన్ని తీసేసినప్పుడు, అప్పుడు కూడా వెతకాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి పిల్లలకు చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ వేరే ఉదాహరణ చెప్పి ముగించాను.

అన్నయ్య ఇప్పటికీ అడిగినవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళతాడు. అడిగేవాళ్ళు తక్కువ. పోయిన చలికాలం మా ఎదురింటి ఆమెకు ఒంట్లో బాగోలేదు. మనిషి చిక్కిపోతోంది, చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. ఆమె భర్త చేపల వ్యాపారం పని మీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటాడు. అన్నయ్య ఆమెను ముందు పలాస, తర్వాత శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. ఆడమనిషి తోడుంటే బాగుంటుందని నన్నూ రమ్మన్నాడు. అక్కడ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎప్పుడు మొదలైంది, ముందేం వచ్చింది, చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఓపిగ్గా అడిగాడు. ఆమె చెప్పినదంతా డాక్టరుకు చెప్పాడు. కిడ్నీ చూశారు, గుండె చూశారు, ఇంకేవేవో చూశారు. ఏమీ తేలలేదు. ఇంకో పరీక్ష ఫలితం రావాలి, వచ్చే వారం రమ్మన్నారు.

రైల్లో తిరిగొస్తుంటే ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పలాస స్టేషనులో ఆమె భర్త ఎదురుచూస్తున్నాడు. ఏటన్నారని అడిగాడు. ఇంకా తెలీదు, మళ్ళీ వెళ్ళాలి అని అన్నయ్య చెప్పాడు. ఆమె భర్త ముఖం చిన్నబోయింది. ఒకప్పుడు అన్నయ్య మాట కోసం ఇళ్ళముందు నిలబడినవాళ్ళకు అతని దగ్గర దొరికింది ధైర్యం. ఇప్పుడు అతను నిజంగా తెలిసింది మాత్రమే చెబుతున్నాడు, అది ఎవరికీ చాలడం లేదు. ఆ మనిషి భార్యను ఆటో ఎక్కించి, మాతో ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం చెప్పిన రోజున అన్నయ్య పొద్దున్నే తోట పని మీద కాశీబుగ్గ వెళ్ళి, అక్కడి బస్టాండులో ఆమె కోసం నిలబడ్డాడు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మూడో బస్సు ఎక్కి ఒక్కడే శ్రీకాకుళం వెళ్ళి, ఆమె ఫలితం తీసుకుని, డాక్టరుతో మాట్లాడి సాయంత్రానికి ఊరు చేరాడు. ఎదురింటి తలుపుకు తాళం వేసి ఉంది. పొడి వైద్యుణ్ణి వెతుక్కుంటూ ఇచ్ఛాపురం వైపు వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ వీధిలో దీపాలు పెట్టేదాకా వాళ్ళ మెట్ల మీదే కూర్చుని, అన్నం తినడానికి రమ్మని అమ్మ పిలిస్తే లేచి ఇంటికి వచ్చాడు.